ఈశాన్యం మూల చెరువు

1

ఇచ్చేశారు! నలభై తిప్పల పటం గీసే పని మా అమ్మాయి నూకరత్నానికే ఇచ్చేశారు!

ఇంటి దినచర్యలో ముందుగా గాలి ఎటు వీస్తోందో, నీరు ఎంత పొంగిందో, ఇంటిని గుంజకి కట్టిన తాళ్లు బాగున్నాయో లేదో రాయాలని నియమం. గాలి సంగతి తర్వాత రాస్తాను. గాలి ఎక్కడికీ పోదు. నీటి మీద తేలే ఇల్లున్న ప్రతివాళ్లూ ఈ దినచర్య రాయాల్సిందే. మా ఇంట్లో ఆ పని నాది. చదివింది ఆరో తరగతి వరకే అయినా నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని మా సత్తెమ్మే ఒప్పుకుంది. ఇన్నేళ్ల కాపురంలో అది ఒప్పుకున్నవి రెండే రెండు సంగతులు. రెండోది ఇప్పుడు గుర్తు రావడం లేదు.

పొద్దున్నే గోడ మోగింది. ఆ వేళప్పుడు మోగితే మా అక్కయ్య మావుళ్లమ్మే. "ఒరే తాతబ్బాయీ, నీళ్లు మీ గడప దాకా వచ్చాయంటరా?" అని అడుగుతుంది. గడప నీళ్లతో పాటే లేస్తుందక్కా అని ఏళ్ల తరబడి చెబుతున్నాను, నమ్మదు. అక్కయ్యే అనుకుని "రాలేదు, పో!" అని అరిచాను. తీరా చూస్తే అవతల పటాల ఆఫీసు మృత్యుంజయరావు గారు! ఆయన పాపం ఏమీ అనుకోకుండా రత్నాన్ని పిలవమన్నారు. పిలిచాను. విన్నాను. ఏడ్చాను. సత్తెమ్మ వచ్చి "ఎవరు పోయారు?" అంది.

గోదారి సముద్రంలో కలిసేచోట మడ అడవి ముక్కలైపోయి నలభై తిప్పలు మిగిలాయి. ఏడాదికోసారి మట్టి ఓడ కడుపునిండా ఒండ్రు నింపుకుని వచ్చి, ఒక్క తిప్పకి మాత్రం పోసి ఎత్తు పెంచి వెళుతుంది. ఏ తిప్పకి పొయ్యాలో చెప్పేది పటమే. ఎక్కడ ఎంత వేడెక్కింది, ఏ చెట్టు ఉప్పుకి మాడుతోంది, అక్కడి జంతువు ఎన్నాళ్లు తట్టుకోగలదు, ఆసరా ఇస్తే బతికి బట్టకడుతుందా, అన్నీ రంగుల్లో ఉంటాయి. ఎరుపైతే మునిగేది. పచ్చయితే నిలిచేది.

మా రత్నం మనసంతా రెల్లుతిప్ప మీదే. ఆఖరి బావురుపిల్లులు అక్కడే ఉన్నాయి. బావురుపిల్లి నీళ్లలోకి దూకి తన చేప తనే పట్టుకుంటుంది. వంటింట్లో దొంగతనం చెయ్యని పిల్లి నాకు తెలిసి అదొక్కటే. కానీ ఆ తిప్ప మీద మంచినీటి చుక్క లేదని, మంచినీళ్లు లేకపోతే దాని పిల్లలు బతకవని, మట్టి పోసినా దండగేనని ఆఫీసులో అంటారట. మూడేళ్లుగా అదే మాట. రత్నం మూడేళ్లుగా ఆ మాట వింటూ అన్నం సగం వదిలేస్తోంది.

గోడకి రెండు మీటలున్నాయి. ఒకటి నొక్కితే ఒకరికే చెప్పొచ్చు. రెండోది నొక్కితే బంధువులందరి ఇళ్లల్లో గోడలూ ఒకేసారి మాట్లాడతాయి. నేను రెండోది నొక్కాను.

మా తోడల్లుడు సూర్యచంద్రం వెంటనే పలికాడు. వాళ్లబ్బాయి మబ్బుల కంపెనీలో పని చేస్తాడు. "సంతోషం అన్నయ్యా! మావాడు కూడా నిన్న రెండు మబ్బుల్ని తోలుకెళ్లి మండపేట మీద వదిలేశాడు" అన్నాడు.

ఎవరి సంతోషం ఏమిటి, వీడి మబ్బులేమిటి!

గాలి: చూడలేదు. తాళ్లు: ఉన్నట్టున్నాయి.

2

కొంగ వచ్చింది! కొంగంటే పక్షి కాదు. పైన ఎగురుతూ తిప్పల్ని చూసి పటానికి బొమ్మలు పంపే యంత్రం. తెల్లగా నిగనిగలాడుతూ పెళ్లికూతురిలా ఉంది. ఎటు ఎగిరినా మొహం ఉత్తరానికే పెట్టుకుని చూస్తుందట. పెద్ద గుండ్రటి అద్దం ఒకటుంది దానికి.

"కాళ్లు లేని కొంగేంటే?" అంది సత్తెమ్మ.

"చేపలు పట్టదులే అమ్మా" అంది రత్నం. తర్వాత నావైపు తిరిగింది. "నాన్నా, పొద్దున్నే అదే లేచి ఎగిరిపోతుంది. సాయంత్రం వచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, కప్పు మీద పెట్టాలి. ఆ పని నీది. కడగడం ఒక్కటే. ఇంకేం చెయ్యకు."

"ఇంకేం చేస్తానమ్మా!" అన్నాను.

పేటలో ఉన్న పడవలన్నీ మా ఇంటి చుట్టూ చేరాయి చూడ్డానికి. సూర్యచంద్రం పని మానుకుని మరీ వచ్చాడు. కప్పు కేసి కన్నార్పకుండా చూసి "అబ్బబ్బ! ఏం కళగా ఉందన్నయ్యా!" అన్నాడు. అన్నాడా? ఆ సాయంత్రమే దిగుతూ దిగుతూ కొంగ గుంజకి కొట్టుకుని ఒక రెక్క సొట్ట పడింది. రత్నం గాలివాటం అంది. గాలికి మా తోడల్లుడి కళ్లంత బలం లేదు.

అందుకని కడిగి ఆరబెట్టాక, సత్తెమ్మ కాటుక తీసి, కొంగ బుగ్గన చిన్న దిష్టిచుక్క పెట్టాను. రత్నం చిన్నప్పుడు దాని బుగ్గన కూడా నేనే పెట్టేవాణ్ణి. రోజూ కడిగినప్పుడు పోతుంది కాబట్టి రోజూ పెట్టాలి. శ్రమే అయినా బిడ్డ కోసం చెయ్యమూ?

గాలి: ఉంది.

3

చెరువులు! నా తల్లి చెరువులు కనిపెట్టింది!

మధ్యాహ్నం బొమ్మలు గోడ మీద పరిచి చూస్తూ రత్నం కదలకుండా నిలబడిపోయింది. కొంగ లెక్కలో ఉప్పునీరు బూడిదరంగు, మంచినీరు నలుపు. పీతలతిప్ప బొమ్మలో ఒక మూల నల్లటి గుండ్రం. ముంగిసతిప్పలో ఒకటి. రెల్లుతిప్పలో ఒకటి. నలభై తిప్పల్లో నలభై!

"మంచినీళ్లా అమ్మా?" అన్నాను. 

"కొంగ అలాగే చెబుతోంది నాన్నా. నాకే నమ్మబుద్ధి కావట్లేదు. ఎవరికీ చెప్పకు."

ఆ మాట కొంచెం ముందు అనుండాల్సింది. నా వేలు అప్పటికే రెండో మీట మీద ఉంది.

అసలు విశేషం ఇంకోటి ఉంది. ఆ నలభై చెరువులూ ఒకే మూల ఉన్నాయి. ఏ మూల? ఈశాన్యం! ఇల్లు కట్టేటప్పుడు ఈశాన్యంలో నీళ్లుండాలని మనకి పెద్దవాళ్లు చెబితే తెలిసింది. అడవికి ఎవరు చెప్పారండీ? ఆ సంగతి విడిగా మళ్లీ ఒకసారి అందరికీ గోడలో చెప్పాను. మావుళ్లమ్మ అక్కయ్య ఆనందం పట్టలేక "రత్నం చల్లటి చెయ్యిరా, దాని చేత్తో నీళ్లు పడతాయని నేనెప్పుడో అన్నాను" అంది. ఎప్పుడూ అనలేదు. అయినా అక్కయ్య కదా.

సూర్యచంద్రం ఏమీ పలకలేదు. వాళ్ల గోడ పాడయిందని తర్వాత చెప్పాడు.

రాత్రి సత్తెమ్మ పరమాన్నం వండింది. రత్నం రెండోసారి పెట్టించుకుంది.

4

మృత్యుంజయరావు గారు స్వయంగా పడవేసుకుని వచ్చారు. ఆఫీసరుగారు మా ఇంటికి రావడం! సత్తెమ్మ మండపీతల ఇగురు పెట్టింది. ఆయన చేతులు కడుక్కోకుండానే బొమ్మలు చూస్తాను అన్నారు గానీ, ఇగురు వాసన తగిలాక ముందు భోంచేశారు.

తర్వాత గోడ ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"రత్నంగారూ, నలభై తిప్పల్లోనూ చెరువు ఈశాన్యం మూలే ఉందేంటండీ? సిద్ధాంతిగారిని పిలిపించి తవ్వించారా?"

నేను ఆగలేకపోయాను. "అదేనండీ నేనూ అంటున్నాను! ప్రకృతికి కూడా వాస్తు తెలుసండీ!"

ఆయన నావైపు చూశారు. "పెద్దాయనా, పీతలు మాత్రం బ్రహ్మాండం" అన్నారు.

ఆ మాటకి నేను పొంగిపోయాను. రత్నం మొహం చూశాక తెలిసింది, అది మెచ్చుకోలు కాదని.

"అన్నీ ఒకే కొలత, గీత గీసినట్టు గుండ్రం" అన్నారాయన. "ఏదో తప్పుంది. అమావాస్య పోటుకి ఓడ బయల్దేరుతుంది. ఈలోపు పటం నిలబడకపోతే ఓడ వేరే చోటికి పోతుంది. నా చేతుల్లో ఏం లేదమ్మా."

"వచ్చే ఏడు ఇవ్వొచ్చుగా సార్?" అని నేనే అడిగాను.

రత్నం అంది, చాలా నెమ్మదిగా: "వచ్చే ఏటికి రెల్లుతిప్ప ఉండదు నాన్నా."

ఆయన వెళ్లాక, సాయంత్రం ఆరబెట్టిన కొంగని తీసుకుని రత్నం అద్దం తిప్పి తిప్పి చూసింది. భూతద్దం పెట్టి కూడా చూసింది. మచ్చ లేదు, మరక లేదు. ఎందుకుంటుంది? అప్పుడే నేను శుభ్రంగా కడిగి ఆరబెట్టాను. ఆ మాటే గర్వంగా చెప్పాను. "అద్దంలో తప్పు లేదు నాన్నా, మరెక్కడుందో" అని తల పట్టుకుంది.

నాకు చాలా బాధేసింది. ఆఫీసరుగారి దిష్టి కూడా తగిలుంటుందని ఆ పూట చుక్క కొంచెం పెద్దది పెట్టాను.

5

పొద్దున చెరువులన్నీ పెద్దవయ్యాయి.

రత్నం అన్నం ముట్టలేదు. కంచం ముందు కూర్చుని "రాత్రికి రాత్రి నలభై చెరువులు ఎలా పెరుగుతాయి నాన్నా? చుక్క వాన లేదు" అంది. మబ్బులన్నీ సూర్యచంద్రం కొడుకు మండపేటకి తోలేశాడని నేను అన్నాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు సత్తెమ్మ పులుసు వడ్డిస్తూ తన గొడవ మొదలుపెట్టింది. "నాకో సంగతి చెప్పండి. ఇంట్లో కాటుక పెట్టుకునేది నేనొక్కదాన్ని. అదీ పండక్కీ పబ్బానికీ. డబ్బా అడుగంటిపోయింది. నిన్న ఒక్కరోజే వేలెడు లోతు పోయింది. ఈ ఇంట్లో ఎవరి కళ్లు అంత నల్లగా ఉన్నాయి?"

నేను పులుసులో ముక్క వెతుక్కుంటున్నాను.

"ఏవయ్యా, నిన్నే."

"చేప బాగా ఉడికింది" అన్నాను.

రత్నం తలెత్తింది. నా కుడిచేతి చూపుడువేలు చూసింది. దాని కొస గోరింటాకు పెట్టుకున్నట్టు ఉంది, కానీ నల్లగా.

"నాన్నా" అంది. "కొంగకి దిష్టిచుక్క పెడుతున్నావా?"

"చిన్నదేనమ్మా. బుగ్గ మీద."

"కొంగకి బుగ్గ ఎక్కడుంది నాన్నా?"

"అదే... ఆ గుండ్రటి అద్దం ఉంది చూడు, దాని మీద... ఒక పక్కగా..."

సత్తెమ్మ గరిటె కింద పెట్టేసింది. రత్నం లేచి వెళ్లి గోడ మీద నలభై చెరువుల ముందు నిలబడింది. దాని భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని నేను పరిగెత్తాను. నవ్వుతోంది. నవ్వుతూనే ఏడుస్తోంది కూడా.

"నా చిన్నప్పటి ఫొటోలన్నిట్లో బుగ్గ మీద ఇంతేసి చుక్క ఉంటుంది నాన్నా" అంది. "నాకు ముందే తెలియాల్సింది."

ఆ మాట నన్ను తిట్టినదానికంటే గట్టిగా తగిలింది. సత్తెమ్మ మాత్రం తిట్లు తిట్టే వరసలోనే తిట్టింది. అవి ఇక్కడ రాయను. ఈ దినచర్య ఆఫీసువాళ్లు చదువుతారు.

6

గాలి: దక్షిణం. నీరు: జానెడు పొంగింది. తాళ్లు: అన్నీ చూశాను. ఇకనుంచి అన్నీ రాస్తాను. ఏదీ వదలను.

రత్నం గోడలో మృత్యుంజయరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పింది: కొంగ మొహం ఎప్పుడూ ఉత్తరానికే కాబట్టి, అద్దం పక్కనున్న కాటుక చుక్కే ప్రతి బొమ్మలోనూ ఈశాన్యం మూల చెరువైందని. అవతల గుసగుసలు వినిపించాయి. పక్కనెవరికో చెప్పి నవ్వుకుంటున్నారని నాకర్థమయింది. నవ్వుకోనీ.

"అయితే ఇంకేముందండీ" అన్నారు చివరికి. "ఆ నలభై గుండ్రాలూ తుడిచేసి, చుట్టూ ఉన్న రంగే పూసేసి పంపించెయ్యండి. రెల్లుతిప్పలో నీళ్లు లేవని ఎలాగూ తెలిసిందేగా. వేరే తిప్ప చూద్దాం."

"చుక్క కింద ఏముందో నేను చూడలేదు సార్. చూడనిచోట రంగెలా పూస్తాను?"

"అమావాస్య ఎల్లుండి తల్లీ!"

"రేపు ఎగరేస్తాను సార్."

ఇక నా పని. ఏ నోటితో చెరువులున్నాయన్నానో ఆ నోటితోనే లేవని చెప్పాలి. రెండో మీట ఎంత గట్టిగా ఉందో ఇవాళే తెలిసింది.

సూర్యచంద్రం గోడ ఠక్కున బాగుపడింది. "అయ్యో అన్నయ్యా! పోనీలే, మావాడితో చెప్పి ఒక చెరువు నింపిస్తాలే. నలభై అంటే కష్టం గానీ" అన్నాడు. వాడు నవ్వు ఆపుకుంటుంటే గోడ వణికింది.

మావుళ్లమ్మ అక్కయ్యది ఇంకో రకం. "కుళ్లుబోతులు అలాగే అంటార్రా, నువ్వు పట్టించుకోకు. చెరువులు నలభై ఉన్నాయి. నేను ఊరంతా చెప్పేశాను" అని గోడ ఆపేసింది.

7

గాలి: దక్షిణం, గట్టిగా. కొంగ లేవలేదు.

గాలి: అలాగే ఉంది. రత్నం కప్పు మీదే కూర్చుంది. ఎండ. గొడుగు ఇస్తే గాలికి ఎగిరిపోయింది.

గాలి: ఏం గాలమ్మా ఇది! ఇన్నాళ్లూ నిన్ను సరిగా రాయలేదని పగబట్టావా? ఒప్పుకుంటున్నాను, తప్పే. తగ్గు తల్లీ.

గాలి: తగ్గింది!

కొంగ లేచింది. చుక్క పెట్టలేదు. సత్తెమ్మ కాటుక డబ్బా బొడ్లో దోపుకుని నా పక్కనే నిలబడింది, నా రెండు చేతులూ తనకి కనపడేలా పెట్టుకోమంది.

బొమ్మలు ఒక్కొక్కటే గోడ మీదకి వస్తున్నాయి. పీతలతిప్ప. ఈశాన్యం మూల చెట్లే. ముంగిసతిప్ప. చెట్లే. ఒక్కో చెరువూ మాయమవుతుంటే, లేనివే అని తెలిసి కూడా, నా ప్రాణం ఉసూరుమంటోంది. రెల్లుతిప్ప సముద్రం వైపు చివరిది. దాని బొమ్మ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది.

ఈశాన్యం మూల నలుపు.

"నేను పెట్టలేదమ్మా!" అని అరిచాను. "మీ అమ్మ మీద ఒట్టు!"

"నా మీద ఎందుకూ? నీ మీదే వేసుకో ఒట్టు!" అంది సత్తెమ్మ, బొడ్లో డబ్బా తడుముకుంటూ.

రత్నం బొమ్మ పెద్దది చేసింది. గుండ్రంగా లేదు. చింతగింజలా ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. అంచున రెల్లు. అన్ని బొమ్మల్లో నా చుక్క ఎక్కడుందో అక్కడే, చుక్క కిందే, ఇది ఉంది.

ముగ్గురం పడవెక్కాం. రేవు పడవ నడిపిన చేతులు నావి, ఇవాళ్టిలా ఎప్పుడూ తొయ్యలేదు. తిప్ప మీద మోకాలి లోతు బురద. తిల్లచెట్టు పాలు కళ్లలో పడితే చూపు పోతుందని రత్నం మా ఇద్దరి తలలకీ తువ్వాళ్లు చుట్టింది. రెల్లు పక్కకి తోసి చూస్తే, మా వంటిల్లంత గుంట. పూర్వం అడవి గేదెలు పొర్లి పొర్లి అడుగు బంకమట్టి గట్టిపడిపోయిందట, వాన నీరు ఇంకకుండా నిలిచిపోయిందని రత్నం చెప్పింది. పైన రెల్లు కమ్ముకోవడంతో ఇన్నేళ్లూ ఏ పటానికీ దొరకలేదట. ఈ ఏడు ఎండకి రెల్లు మాడి, పైకి కనపడింది.

రత్నం సంచిలోంచి నీటి పరీక్ష గొట్టాలేవో తీస్తుండగానే సత్తెమ్మ దోసిట్లో నీళ్లు తీసుకుని తాగేసింది.

"అమ్మా! ఆగు!"

సత్తెమ్మ మూతి తుడుచుకుంది. "ఈ నీళ్లకి కందిపప్పు ఉడుకుతుంది" అంది.

ఉప్పునీళ్లకి పప్పు ఉడకదు. ఇంతకంటే ఏం పరీక్ష కావాలండీ? రత్నం అయినా గొట్టంలో పోసి చూసింది. గొట్టం కూడా పప్పు ఉడుకుతుందనే చెప్పింది.

అప్పుడు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అవతలి గట్టు మీద, బురదలో, అడుగులు. పెద్దవి ఒక వరస. వాటి వెనక బుల్లి బుల్లివి, తిన్నగా నడవడం రానివి, రెండు వరసలు. తలెత్తి చూస్తే రెల్లులోంచి రెండు కళ్లు మమ్మల్నే చూస్తున్నాయి. మచ్చల ఒళ్లు, పొట్టి తోక. బావురుపిల్లి! కాసేపు చూసి, వీళ్లతో మనకేం పని అన్నట్టు నీళ్లలో పంజా ముంచి మూతి కడుక్కుంది.

"రంగు పూసేసి ఉంటే..." అంది రత్నం.  నా భుజం మీద తల పెట్టుకుంది. ఒళ్లంతా బురద. నా బిడ్డ.

8

నిలిచింది! మా అమ్మాయి పటం నిలిచింది! మట్టి ఓడ రెల్లుతిప్పకే వస్తోంది!

మృత్యుంజయరావు గారు వచ్చి, గుంట చూసి, గొట్టాలు చూసి, సంతకం పెట్టారు. పటంలో రెల్లుతిప్ప చుట్టూ ఎరుపే, ఈశాన్యం మూల మాత్రం పచ్చ. ఆసరా ఇస్తే నిలిచే చోటని దానర్థం. వెళ్తూ వెళ్తూ "పెద్దాయనా, మొత్తానికి వాస్తు పనిచేసిందండీ" అన్నారు. ఈసారి అది మెచ్చుకోలే. ఎందుకంటే పీతలు వండలేదు.

సాయంత్రం రత్నం కాటుక డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. కొత్తది.

"ఓడ వచ్చినప్పుడు దానికి చుక్క పెట్టు నాన్నా. పేటంతా చూస్తారు, సూర్యచంద్రం బాబాయి కూడా వస్తాడు."

"ఎక్కడ పెట్టనమ్మా?" అన్నాను. ఈసారి అడిగాను.

"నేను చూపిస్తాగా" అంది.

రాత్రి అన్నం మొత్తం తింది. కంచం కడిగినట్టుంది. సత్తెమ్మ నన్ను పిలిచి ఆ కంచం చూపించింది. 

గాలి: నైరుతి, మెల్లగా, ఎంత చక్కటి గాలో. నీరు: జానెడు తక్కువ. తాళ్లు: గట్టిగా ఉన్నాయి.

చెప్పాల్సినవాళ్లు:

సూర్యచంద్రం. అందరికంటే ముందు, వాడు అన్నం తినకముందే.

వాళ్లబ్బాయికి విడిగా. ఆ మబ్బుల్లో ఒకటి ఇటు తోలమని కూడా.

బావమరిది పోలయ్య. లేకపోతే అలుగుతాడు. చెప్పినా అలుగుతాడు, ముందు చెప్పలేదని.

పెద్దమ్మ కొడుకు నాగేశు, వాళ్లావిడ, వాళ్లావిడ తమ్ముడు. ముగ్గురికీ మాటల్లేవు కాబట్టి మూడుసార్లు.

చిన్నత్త గవరమ్మ. వింటూ వింటూ నిద్రపోతుంది, అయినా చెప్పాలి.

ధవళేశ్వరంలో సత్తెమ్మ మేనమామలు. మర్యాదగా, సత్తెమ్మ పక్కనుండగా.

మావుళ్లమ్మ అక్కయ్య. నిదానంగా, రెండుసార్లు. నలభైలో ముప్పైతొమ్మిది చెరువులు లేవన్న సంగతి మాత్రం మళ్లీ ఎత్తను. ఊరంతా చెప్పుకుంది పాపం.